తొమ్మిది వందల పది కిలోహెర్ట్జ్ తేడా

మా ఇంటి ముందుగదిలో గోడకు రెండు గడియారాలున్నాయి. ఒకటి మన టైము చూపిస్తుంది. రెండోది దానికన్నా ఐదున్నర గంటలు వెనక నడుస్తుంది. జగిత్యాలలో మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు కూర్చున్న కాసేపటికే, "పెద్దమ్మా, నీ గడియారం ఆగినట్టున్నది" అంటారు. ఆగలేదని, అది జీఎంటీ అని, షార్ట్‌వేవ్ రేడియో వినేవాళ్లు ఏ దేశంలో ఉన్నా తమ పుస్తకాల్లో ఆ టైమే రాసుకుంటారని చెప్తాను. సగం మంది వింటారు. పాలు పోసే ఆమె మాత్రం ఒకరోజు తలుపు దగ్గర నిలబడి రెండు గడియారాలనూ తీరిగ్గా చూసి, "గంత ఎనుకకు పోయి ఏం తెచ్చుకుంటవ్ అవ్వా?" అంది. గిన్నె పట్టుకుని నిలబడ్డాను. 

నేను ఇక్కడి టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్పై ఒక్క సంవత్సరాలు ఆపరేటర్‌గా పనిచేశాను. ఈ ప్రాంతపు మగవాళ్లు దుబాయికి, మస్కట్‌కు పోవడం మొదలుపెట్టిన రోజుల్లో వాళ్ల ఇళ్లవాళ్లు కాల్ బుక్ చేసి మా వరండాలో బెంచీ మీద పూటంతా కూర్చునేవారు. చివరికి లైను దొరికితే గరగర తప్ప వాళ్లకేమీ వినిపించేది కాదు. నేను మధ్యలో విని అటు మాట ఇటు చెప్పేదాన్ని. వచ్చే నెల రాలేడట, చిన్నోనికి జ్వరం తగ్గిందా అని అడుగుతున్నాడు, చలికోటు పంపొద్దంటున్నాడు. కాల్ మొదలైన నిమిషం, ముగిసిన నిమిషం టికెట్టు మీద రాసి సంతకం చేసేదాన్ని. గరగరలోంచి మాటను ఏరడమే నా ఉద్యోగం. చెవి పెట్టిన తిండే తిన్నాను.

రేడియో కూడా అటునుంచే వచ్చింది. మా తమ్ముడు దుబాయి నుంచి మొదటి సెలవుకు వస్తూ ఒక సెట్టు తెచ్చాడు. ఇటుకంత పొడవు, చిన్న కిటికీలో పచ్చగా వెలిగే అంకెలు. నాబు తిప్పుతుంటే అంకెలు మారతాయి, అంకె మారినప్పుడల్లా ఇంకో దేశం. వాడు దాన్ని వార్తల కోసం తెచ్చాడు, నేను అంకెల కోసం ఉంచేసుకున్నాను.

అప్పటి నుంచి ఇప్పటికి పంతొమ్మిది నోటుబుక్కులు నిండాయి. ఒక్కో వరుసలో తేదీ, జీఎంటీ టైము, ఫ్రీక్వెన్సీ, భాష, ఏం చెప్పారో రెండు ముక్కలు, చివర ఐదంకెల కోడ్. ధ్వని బలమెంత, పక్క స్టేషన్ల గొడవ ఎంత, గరగర ఎంత, గొంతు ఎంత ఊగుతోంది, మొత్తం మీద ఎలా ఉంది అని ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. ఆ వివరాలే కాగితం మీద రాసి స్టేషన్‌కు పంపితే, వాళ్లు సరిచూసుకుని, అవును విన్నది మమ్మల్నే అని ఒక కార్డు పంపుతారు. ఈ అభిరుచి మొత్తం ఆ నమ్మకం మీదే నడుస్తుంది. వినేటప్పుడు పక్కన ఎవరూ ఉండరు. విన్నానంటే విన్నట్టే. అందుకే నేను పది నిమిషాలు ఆగకుండా వినని దేన్నీ రాయలేదు. రాసిన ప్రతి వరుస చివరా 'విన్నాను' అని సంతకం చేశాను.

ఇప్పుడు స్టేషన్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఖర్చు దండగ అని, అందరి చేతుల్లో ఫోన్లున్నాయని. మిగిలిన శ్రోతలం నలభై మందిమి ఫోనులో ఒక గ్రూపుగా ఉన్నాం. నెలకోసారి, ఎవరెవరు ఏ స్టేషన్ ఎక్కడ విన్నారో ఒక జాబితా వస్తుంది. కోస్తా వైపు ఒక ఊళ్లో ఉండే రిటైర్డ్ ఇంజనీరు దాన్ని కూరుస్తాడు. ఆ జాబితా కింద రిసీవర్ల గురించి నేను ఒక పేజీ రాస్తాను. కొత్త సెట్లు ఏమొచ్చాయి, ఏది కొనొచ్చు, ఏది కొనకూడదు.

నా అభిప్రాయాలు గట్టివే. ఇప్పుడు వచ్చే అరచేతి సెట్లలో అంతా ఒకే చిప్పు. స్టేషన్‌కు స్టేషన్‌కు మధ్య నాబు తిప్పితే ప్రతి మెట్టు దగ్గర గొంతు నొక్కినట్టు చప్పుడు ఆగిపోతుంది, దానితో వెతకడం కళ్లకు గంతలు కట్టుకుని మెట్లెక్కడమే. బటన్లు తప్ప నాబు లేని సెట్టు నాకు సెట్టే కాదు. ఇక నెట్‌లో ఎక్కడో పరాయి దేశంలో ఎవరో పెట్టిన రిసీవర్‌ను ఫోన్ నుంచి తిప్పి 'విన్నాను' అని రాసేవాళ్లున్నారు. ఏరియల్ వాళ్లది, ఆకాశం వాళ్లది, ఇందులో నువ్వు విన్నదేంటి అని ఒకసారి రాస్తే ముగ్గురు అలిగారు.

ఖరీదైన సెట్ల పెట్టెల మీద 'డబుల్ కన్వర్షన్' అని గొప్పగా వేస్తారు. దాని సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా కథంతా అక్కడే ఉంది. మామూలు సెట్టులో ఒక లోపం ఉంటుంది. ఏదైనా స్టేషన్ బాగా బలంగా వస్తుంటే, అది తన అసలు చోట కాక, సరిగ్గా తొమ్మిది వందల పది కిలోహెర్ట్జ్ కింద కూడా ఇంకోసారి వినిపిస్తుంది. అక్కడ నిజానికి ఎవరూ ఉండరు. దాన్ని ఇమేజ్ అంటారు. డబుల్ కన్వర్షన్ సెట్లలో ఈ మోసం దాదాపు ఉండదు. నా పేజీలో నేను రాసింది ఇది: "అనుభవం ఉన్న చెవికి ఆ ఖర్చు అనవసరం. ఇమేజ్ వస్తే వెనక సన్నగా ఈల వినిపిస్తుంది. ఈల ఉంటే వదిలేయండి, లేకపోతే రాసుకోండి." ఈ సూత్రం మీద నాకు చాలా నమ్మకం ఉండేది.

ఆ శుక్రవారం ఉదయం ఆరు నలభైకి, అంటే జీఎంటీ ఒకటీ పదికి, పచ్చ అంకెలు 8,800 దగ్గర ఒక ఆడగొంతు దొరికింది. ఆ అంకె దగ్గర ఏ స్టేషనూ ఉన్నట్టు ఎక్కడా లేదు. ఏదో మధ్య ఆసియా భాష. వార్తల్లాంటివి చదివి, తర్వాత తీగవాయిద్యం మీద ఒక పాట వేసింది. పదిహేడు నిమిషాలు విన్నాను. ఈల లేదు. కొత్త స్టేషన్! అందరూ మూసుకుంటున్న రోజుల్లో ఒకరెవరో తెరిచారు. వెంటనే రాసి, సంతకం చేసి, గ్రూపులో పెట్టాను.

నలభై మందిలో ఒక్కరికీ అది దొరకలేదు. శనివారం లేదు, ఆదివారం లేదు. నాకు మాత్రం రోజూ దొరికింది. సోమవారం ఇంజనీరు నాకు విడిగా మెసేజ్ పెట్టాడు.

"అమ్మా, నమస్కారం. అది 9,710లో వచ్చే పాత స్టేషన్ ఇమేజ్ అయివుంటుందని నా అనుమానం. ఒకసారి సరిచూస్తారా?"

"ఈల లేదు. కనుక ఇమేజ్ కాదు" అని రాశాను.

కొంతసేపటికి ఇంకోటి వచ్చింది. "మీ మాట కాదనే ధైర్యం నాకు లేదమ్మా. కానీ ఆదివారానికి జాబితా పంపాలి. అప్పటికి నిర్ధారణ కాకపోతే ఆ వరుస తీసేస్తాను. రిసీవర్ల పేజీ కూడా మీకు శ్రమ అనుకుంటే వేరే ఎవరికైనా అప్పగిద్దాం."

శ్రమ అట. ఫోను బోర్లా పెట్టి లేచాను. వంటింట్లోకి వెళ్లి ఎందుకు వెళ్లానో మరిచి వచ్చాను. మళ్లీ వెళ్లాను. నా సంతకం ఉన్న వరుసను ఇంతవరకు ఎవరూ తీసేయలేదు. ఇది తీసేస్తే మిగతా వాటి మాటేమిటి? మనిషి ఒక్కసారి లేనిది విన్నానంటే, అంతకుముందు విన్నవి ఎవరు నమ్ముతారు?

ఇంకో సంగతి కూడా ఉంది. గ్రూపులో ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ల కిందట చెవి డాక్టరు ఒక గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి ఒక గీతల కాగితం ఇచ్చాడు. గీత ఎడమ నుంచి బాగానే వచ్చి, కుడి కొసన మెట్ల మీద నుంచి జారినట్టు కిందికి పోయింది. "వయసుకు మామూలేనమ్మా, సన్నటి చప్పుళ్లు కొన్ని తెలియవు" అన్నాడు. ఆ గది తలుపు సరిగా పడలేదు, బయట ఆటోలు, పరీక్ష సరిగా జరగలేదు అనుకున్నాను. కాగితం పదిహేడో నోటుబుక్కులో పెట్టి మూసేశాను.

నిర్ధారణ సులువే. అదే సమయంలో 9,710కి తిప్పి, అక్కడ అదే గొంతు ఇంకా బలంగా ఉంటే అది ఇమేజ్. లేకపోతే నేను గెలిచినట్టు. ఆ పని నేను మొదటిరోజే చేయబోయాను. మా ఎదురింటివాళ్లు గేటుకు కొత్తగా పెట్టిన ఎల్ఈడీ లైటు సరిగ్గా ఆ చోటనే గర్రున గోల పెడుతుంది. 9,600 నుంచి 9,800 దాకా ఇంకేమీ వినిపించదు. గది మారి కూర్చున్నా, ఏరియల్ వెనకవైపుకు లాగినా అంతే. మంగళవారం పొద్దున వెళ్లి ఆ ఇంటి కోడలిని అడిగాను, ఒక్క అరగంట లైటు ఆర్పమని.

"లైటుకు, కెమెరకు ఒకటే వైరు పెద్దమ్మా. మా ఆయన ఖతర్ల ఉండి ఫోన్ల సూస్తుంటడు. కెమెర బంద్ అయితే నిమిషంల ఫోన్ జేస్తడు, ఇంట్లకు దొంగలు అచ్చిండ్రా అని."

"రేడియో కోసమని చెప్పు."

"ఇంట్ల దొంగలంటెనన్న నమ్ముతడు పెద్దమ్మా, గదైతే నమ్మడు."

ఇక ఆ రోజు కుదురు లేదు. బుధవారం తెల్లవారకముందే సెట్టు గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుని కోరుట్ల బస్సెక్కాను. ముందు సెట్టు అంకెలు సరిగా చూపుతున్నాయో లేదో తేల్చుకోవాలి. అంకెలు తప్పైతే తప్పు నాది కాదు. అది కాకపోతే తర్వాత చూద్దాం. మేడిపల్లి దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. ఎక్కేవాళ్లు ఎక్కారు, దిగేవాళ్లు దిగారు, డ్రైవరు టీ తాగడానికి పోయాడు. రెండుసార్లు లేచి కిటికీలోంచి చూశాను. "కూసో అవ్వా, కోరుట్ల ఏడికి పోదు" అన్నాడు కండక్టరు.

కోరుట్ల బస్టాండు వెనక ఒక ముస్లిం పెద్దమనిషి రిపేరు దుకాణం ఉంది. నాకంటే పదేళ్లు చిన్న. ఒకప్పుడు గల్ఫు నుంచి వచ్చిన టేప్‌రికార్డర్లు, రేడియోలు ఆ దుకాణంలో అటక దాకా ఉండేవి. ఇప్పుడు మిక్సీలు, టీవీ రిమోట్లు, ఫోను అద్దాలు. తన అన్న జిద్దాలో ఉన్నప్పుడు మా ఎక్స్చేంజికి వచ్చి కాల్ కోసం బెంచీ మీద కూర్చున్నవాడే. మొదటి నుంచీ నన్ను అక్కా అంటాడు, నేను భాయ్ అంటాను.

"ఏం అక్కా, గింత పొద్దుగాల? సెట్టు సచ్చిందా?"

"సావలేదు. అబద్ధం చెప్తుందంటున్నరు. సూడు."

"ఎవలన్నరు?"

"ఒక ఇంజనీరు."

"ఇంజనీరా? ఇగ అయితే సెట్టు నిజమే చెప్తుండొచ్చు" అని నవ్వి, బల్ల కింద నుంచి పాత సిగ్నల్ జనరేటర్ తీశాడు. కావలసిన ఫ్రీక్వెన్సీ మీద కూత పెట్టే పెట్టె అది. దుమ్ము ఊదాడు. ముందు 8,800 మీద కూత పెట్టి నా సెట్టు తిప్పాడు. సరిగ్గా 8,800 దగ్గర వచ్చింది. అంకెలు సరైనవే. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"సూసినవా?"

"ఆగు అక్కా, ఒక్క గిదే సూస్తే ఎట్ల?" అని, పెట్టెను 9,710కి మార్చాడు. నా సెట్టును 8,800 మీదనే ఉంచాడు. కూత మళ్లీ వచ్చింది. కొంచెం పలచగా, కానీ స్పష్టంగా.

 ఆ సెట్టుకు ఆ లోపం ఉందని పుస్తకాల్లో చదివి నాకు తెలిసిందే. కానీ సూత్రం ఉంది కదా.

"ఇమేజ్ అయితే ఈల ఉండాలె గద భాయ్. మొన్న నేను ఇన్నప్పుడు ఈల లేకుండె. ఇప్పుడు గూడ లేదు."

అతను నావైపు చూశాడు. సెట్టు చప్పుడు కొంచెం పెంచాడు.

"ఉన్నది గద అక్కా."

"ఏది?"

"గిదే. సన్నగ. సీ... అని." వేలు గాలిలో పెట్టి గీత గీసినట్టు చూపించాడు. "నీకు ఇనవడ్తలేదా?"

హెడ్‌ఫోన్ తీసుకుని రెండు చెవులకూ పెట్టుకున్నాను. కూత ఉంది. దాని చుట్టూ గరగర ఉంది. అంతే. కళ్లు మూసుకున్నాను. పక్క దుకాణంలో ఒక ఆడపిల్ల ఫోను కవరు బేరమాడుతోంది, ఆమె మాటలు కూడా హెడ్‌ఫోన్ దాటి వినిపిస్తున్నాయి. ఈల మాత్రం లేదు.

"బంద్ జెయ్యి" అన్నాను. అతను పెట్టె ఆపలేదు, నాబు కొంచెం తిప్పాడు. ఎక్కడో ఒకచోట నాకు ఈల వినిపించింది, లావుగా, పిట్ట కూసినట్టు. అతను మెల్లగా తిప్పుతూ పోయాడు. ఈల సన్నబడుతూ, సన్నబడుతూ వెళ్లి, ఒకచోట తెగిపోయింది.

"ఇప్పుడు?"

"లేదు."

"నాకు ఉన్నది" అన్నాడు మెల్లగా. తర్వాత, నన్ను చూడకుండా పెట్టె మూస్తూ, "నాకు గూడ పోతది అక్కా, ఇంకో నాలుగేండ్లకు. నాకు పని నేర్పిన ఉస్తాద్ ఆఖరి రోజులల్ల నన్ను పిలిసి అడుగుతుండె, ఏమ్రా, ఈల ఉన్నదా అని. సిగ్గు పడకుంట అడుగుతుండె" అన్నాడు.

టీ తెప్పించాడు. సగం తాగి లేచాను.

ఇంటికి వచ్చి నోటుబుక్కులన్నీ మంచం మీద పరిచాను. ఒకటో పుస్తకం నుంచి వేలు పెట్టి చూస్తూ వచ్చాను. మొదటి పుస్తకాల్లో ప్రతి రెండు మూడు పేజీలకు ఒకసారి 'ఈల ఉంది, వదిలేశాను' అని ఉంది. ఏడులో ఉంది. పదిలో ఉంది. పద్నాలుగో పుస్తకం మధ్యలో ఒకచోట ఉంది. ఆ తర్వాత లేదు. పదిహేను, పదహారు, పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది. ఐదు పుస్తకాల్లో ఒక్క ఈల లేదు.

అంతకన్నా ఘోరం, నా పేజీలో ఒక నెల రాసిన వాక్యం నాకు గుర్తుకొచ్చింది. ఫోనులో వెతికి తీశాను. "స్టేషన్లు మూతపడటం వల్ల జరిగిన ఒకే ఒక్క మేలు ఏమిటంటే, ఆకాశం శుభ్రపడింది. వెనకటి ఈలలు ఇప్పుడు లేవు." కింద నలుగురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒక్కరు కూడా 'అమ్మా, మాకు వినిపిస్తున్నాయి' అనలేదు. మర్యాద అనుకున్నారో, నేను కోప్పడతాననుకున్నారో. పెద్దదాన్నని మర్యాద ఇవ్వడం వేరు, నిజం దాచడం వేరు అని అందరికీ రాయబోయి, చెరిపేశాను. ఈల వినిపిస్తోందని ఆ మధ్య ఒకతను అంటే, నీ సెట్టు చవకది అని జవాబిచ్చింది నేనే.

అయినా శుక్రవారపు ఆ గొంతు ఇమేజ్ అని ఇంకా తేలలేదు. బల్ల మీద తేలింది సెట్టు గుణం, నా చెవి గుణం. ఆ ఆడమనిషి అసలు ఎక్కడ కూర్చుని మాట్లాడుతోందో 9,710లో విన్నాకే తెలుస్తుంది. దానికి కరెంటు లేని చోటు కావాలి, వినే ఇంకో చెవి కావాలి. సిరిసిల్లలో మా చెల్లెలికి ఫోన్ చేశాను. చెవికేమీ లోటు లేదు దానికి. ఎవరింట్లో ఎవరు ఏమన్నారో అన్నీ తెలుస్తాయి.

"మీ దగ్గర కరెంటు ఎప్పుడు పోతది?"

"గిదేం మంచి సెడ్డ అడుగుడే అక్కా? ఎట్లున్నవ్ అని అడుగవా?"

"ఎట్లున్నవ్? కరెంటు ఎప్పుడు పోతది?"

"శనారం పొద్దుగాల ఆరు నుంచి ఎనిమిది దాక లైన్ల పని ఉన్నదని పేపర్ల ఏసిండ్రు. సాంచాలన్ని బంద్. ఎందుకు?"

శుక్రవారం సాయంత్రానికి సిరిసిల్ల చేరాను. మా చెల్లెలి ఇంటికి రెండు పక్కలా మరమగ్గాల షెడ్లే. వాటిని అక్కడ సాంచాలంటారు. అవి నడుస్తుంటే గోడలు, గ్లాసులు, మాటలు అన్నీ అదురుతాయి. ఆ మోటార్ల మధ్య రేడియో పెడితే ఏ బ్యాండ్ తిప్పినా ఒకటే గోల. చెల్లెలు అన్నం వడ్డిస్తూ ఏదో అంటుంది, నేను ఏంటీ అంటాను, అది ఇంకా గట్టిగా అరుస్తుంది. "సాంచల సప్పుడుకు గాదు, నీకే ఇనవడ్తలేదు" అంది ఒకసారి. విననట్టు అన్నం కలుపుకున్నాను. చెప్పుకోవలసిన మాటను అదే అనేసింది.

తెల్లవారి ఐదున్నరకే మేడ మీదికి ఎక్కాను. చాప, సెట్టు, ఏరియల్ వైరు, గడియారం, పంతొమ్మిదో పుస్తకం. ఆరు అయింది, సాంచాలు ఆగలేదు. ఆరూ ఐదు. ఆరూ పన్నెండు. పని వాయిదా వేశారేమోనని లేచి పిట్టగోడ దగ్గరికి నడిచాను, వచ్చి కూర్చున్నాను, మళ్లీ లేచాను. ఆరూ పంతొమ్మిదికి ఒక్కసారిగా అన్నీ ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం ఆ వీధిలో నేనెప్పుడూ వినలేదు. ఎవరింట్లోనో గిన్నె పడితే ఊరంతా పడ్డట్టుంది.

చెల్లెలు చాయ్ పట్టుకుని వచ్చింది. "గీ రేడియోకా, గింత దూరం అచ్చింది?"

"కూసో. చెవికి పెట్టుకో. నేను అడిగినదానికి ఉన్నది, లేదు అని చెప్పు. ఇంకేం చెప్పకు."

"కోర్టుల లెక్క అడుగుతున్నవేందే."

ఆరు నలభైకి 8,800 దగ్గర ఆమె వచ్చింది. అదే గొంతు, అదే చదివే తీరు. హెడ్‌ఫోన్ చెల్లెలికి ఇచ్చాను.

"ఆడామె మాట్లాడుతున్నదా?"

"ఉన్నది."

"ఎనుక సన్నగ ఈల ఉన్నదా?"

"ఉన్నది. అబ్బ, చెవుల పుల్ల పెట్టినట్టు." మొహం చిట్లించి హెడ్‌ఫోన్ పక్కకు లాగింది. "గిది ఇన్నెండ్ల సంది ఎట్ల ఇంటున్నవ్ అక్కా?"

హెడ్‌ఫోన్ తీసుకుని నాబు తిప్పాను. తొమ్మిది వందల పది పైకి. ఒక్కో అంకే మారుతూ పోయింది. 9,710. హెడ్‌ఫోన్ పెట్టకముందే స్పీకర్ నుంచి ఆమె గొంతు చాప దాటి పిట్టగోడ దాకా పోయింది. గదిలో పక్కన కూర్చుని మాట్లాడుతున్నంత బలంగా. అదే వాక్యం మధ్యలో ఉంది.

"ఈల?"

"లేదు. శుద్ధంగ ఉన్నది. గీమెనే గద ఇందాక మాట్లాడింది?"

"గీమెనే."

"మరి రెండు దిక్కుల ఎందుకున్నది?"

"లేదు. ఒక్క దిక్కే ఉన్నది" అన్నాను.

కొత్త స్టేషన్ లేదు. ఎప్పటినుంచో అక్కడే, అదే గంటకు, అదే చోట మాట్లాడుతున్న మనిషిని నేను ఎవరూ లేని చోట విని, కొత్తగా కనిపెట్టానని సంబరపడ్డాను. తీగవాయిద్యం మీద పాట మొదలైంది. చెల్లెలు వేలితో చాప మీద తాళం వేస్తూ, "మంచిగున్నది, ఉండనియ్" అంది. వార్తలు, పాట, మళ్లీ వార్తలు. ఏడున్నరకే పని అయిపోయిందేమో, కరెంటు వచ్చింది. ముందు ఒక సాంచ, తర్వాత పది, తర్వాత లెక్కలేదు. పాట గోలలో మునిగిపోయింది.

అక్కడే, ఆ చప్పుడులోనే, గ్రూపులో రాశాను. "8,800 మీద నేను రాసింది తప్పు. అది 9,710 ఇమేజ్. ఈల ఉంది. నాకు ఆ ఈల వినిపించదు. పద్నాలుగో పుస్తకం మధ్య నుంచి వినిపించడం లేదని ఇప్పుడు తెలిసింది. ఆకాశం శుభ్రపడిందని నేను రాసిన మాట కూడా తప్పు. డబుల్ కన్వర్షన్ అనవసరమని రాసింది కూడా తప్పు. ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లు అదే కొనాలి." ఇంజనీరు చాలాసేపటికి జవాబిచ్చాడు. "పేజీ మీరే రాయండమ్మా. ఈ నెల ఇదే వేస్తాను."

ఆ మాటతో కుదుటపడాల్సింది. పడలేదు. జగిత్యాలకు తిరిగివచ్చినప్పటి నుంచి ఆ ఐదు పుస్తకాలు ముందు వేసుకుని కూర్చుంటున్నాను. అనుమానం ఉన్న ప్రతి ఫ్రీక్వెన్సీకి తొమ్మిది వందల పది కలుపుతున్నాను. కలిపితే వచ్చిన అంకె తెలిసిన స్టేషన్ మీద పడితే పక్కన పెన్సిల్‌తో చుక్క. ఎరుపు సిరా వాడటం లేదు, ఎందుకంటే కొన్నింటిని ఇక సరిచూసే దారి లేదు. ఆ స్టేషన్లు మూతపడ్డాయి. వాళ్లు నిజంగా అక్కడ ఉన్నారో, నేనే లేనిచోట విన్నానో చెప్పేవాళ్లు లేరు. పదిహేనో పుస్తకంలో ఒక వరుస పక్కన ఆ స్టేషన్ రాసిన ఉత్తరం అంటించి ఉంది. "మీ కార్యక్రమ వివరాలు సరిపోయాయి. కానీ ఆ ఫ్రీక్వెన్సీలో మేము ప్రసారం చేయము." దాని కింద నేను పంపిన జవాబు నకలు, మీ ఇంజనీర్లను అడిగి చూడండి అని. కలిపి చూశాను. వాళ్లు ప్రసారం చేసే అంకె మీదే పడింది.

చెల్లెలు ఫోనులో విని చెప్తానంది. కుదరదన్నాను. టెలిఫోను లైను సన్నటి చప్పుళ్లను మోయదు, ఆ ఈల అవతలికి చేరనే చేరదు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆ లైన్ల మీద కూర్చున్నదాన్ని, అది నాకు తెలియాల్సిందే. ఈల వినాలంటే మనిషి నా పక్కన ఉండాలి.

పొద్దున ఆరు నలభైకి మా ఇంటికి వచ్చే మనిషి ఒక్కరే, పాలు పోసే ఆమె. నిన్న ఆమె గిన్నెలో పాలు పోసి మూత పెడుతుంటే అడిగాను, ఒక్క నిమిషం చెవికి పెట్టుకుంటావా అని. క్యాను కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకుంది. కొత్త చోటు, 10,940, రెండు రోజులుగా వస్తున్న ఒక మగగొంతు.

"ఈల ఉన్నదా?"

కళ్లు పైకి పెట్టి చాలాసేపు విన్నది. ఇంతసేపు వింటుందనుకోలేదు. "ఉన్నది అవ్వా. దోమ లెక్క."

'ఈల ఉంది, వదిలేశాను' అని రాశాను. ఐదు పుస్తకాల తర్వాత మళ్లీ ఆ వాక్యం. ఈసారి పక్కన ఇంకో గడి గీసి పుస్తకం ఆమె ముందు పెట్టాను.

"ఇక్కడ సంతకం చెయ్యి. ఇన్నది నువ్వు."

"నేనా?" అని నవ్వి, పెన్ను గట్టిగా పట్టుకుని, తన పేరులోని మొదటి అక్షరం పెద్దగా రాసింది. గడి దాటి పోయింది. తర్వాత గోడ మీది గడియారాల వైపు చూసి, ఏది మనదో తేల్చుకోలేక, "జెప్పన చెప్పు అవ్వా, టైమెంతయింది? ఇంకా నాలుగిండ్లకు పాలు పొయ్యాలె" అంది.